ఇంట్లో కట్టిన 24 వోల్ట్ ఫ్లైబ్యాక్ సప్లై: మాస్ఫెట్ మండిపోతోంది, ఎంత హీట్‌సింక్ వేసినా ఆగట్లేదు

కాయిల్‌కుర్రాడు:
అందరికీ నమస్తే. సొంతంగా ఒక ఎస్ఎంపీఎస్ (స్విచింగ్ పద్ధతి పవర్ సప్లై) కట్టాను, 24 వోల్టులు 3 ఆంప్స్, అంటే 72 వాట్లు. ఫ్లైబ్యాక్ (మాస్ఫెట్ ఆన్‌లో ఉండగా ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎనర్జీ దాచి, ఆఫ్ అయ్యాక సెకండరీకి వదిలే రకం), యూసీ3842 కంట్రోలర్ ఐసీ, 65 కిలోహెర్ట్జ్, స్విచ్‌గా మాస్ఫెట్ ఐఆర్ఎఫ్840. ట్రాన్స్‌ఫార్మర్ ఈటీడీ34 కోర్ మీద నేనే చుట్టుకున్నా, ప్రైమరీ 56 చుట్లు, సెకండరీ 14 చుట్లు, గ్యాప్ పెట్టాక ప్రైమరీ 500 మైక్రోహెన్రీలు చూపిస్తోంది. అవుట్‌పుట్‌లో ఎంబీఆర్20100 షాట్కీ డయోడు, ఫీడ్‌బ్యాక్‌కి టీఎల్431 రిఫరెన్స్ ఐసీ, పీసీ817 ఆప్టోకప్లర్. వోల్టేజ్ విషయంలో కంప్లైంట్ లేదు, లోడ్ వేసినా తీసినా 24 దగ్గర కదలకుండా నిలబడుతోంది. బాధల్లా వేడి గురించే. సగం లోడ్ దాకా పర్లేదు, ఫుల్ లోడ్ వేస్తే ఇరవై నిమిషాల్లో మాస్ఫెట్ హీట్‌సింక్ వంద డిగ్రీలు దాటేస్తోంది, వాసన కూడా వస్తోంది. హీట్‌సింక్ రెట్టింపు సైజుది వేశా, పేస్ట్ మార్చా, చిన్న ఫ్యాన్ కూడా పెట్టా, కాస్త ఆలస్యంగా అదే టెంపరేచర్‌కి చేరుతోంది అంతే. ఎక్కడ చూడాలో చెప్పండి ప్లీజ్.

ఫ్యాన్‌గాలి:
బ్రో ఫ్యాన్ గాలి సరిగ్గా రెక్కల మధ్యలోంచి పోతోందా లేదా చూడు. అడ్డంగా పెడితే వేస్ట్. మైకా షీట్ తీసేసి సిలికాన్ ప్యాడ్ వెయ్యి, చాలామందికి అక్కడే తేడా వస్తుంది.

పాతసోల్డర్:
ఫ్యాన్ సంగతి తర్వాత చూద్దాం. హీట్‌సింక్ అనేది వేడిని బయటికి పంపేది మాత్రమే, పుట్టించేది ఇంకెక్కడో ఉంది. ముందు లెక్క తేల్చు. ఫుల్ లోడ్‌లో ఇన్‌పుట్ ఎన్ని వాట్లు తీసుకుంటోంది? అవుట్‌పుట్ 72 పోగా మిగిలిందంతా వేడే. ఆ వేడి ఏ పార్టులో ఎంత అనేది పంచుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు. ఇన్‌పుట్ పవర్ కొలిచేటప్పుడు ఆర్ఎంఎస్ వోల్టేజ్‌ని ఆర్ఎంఎస్ కరెంట్‌తో గుణించొద్దు, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, దాని వెనక కెపాసిటర్ ఉన్న ఇన్‌పుట్‌లో పవర్ ఫ్యాక్టర్ దరిద్రంగా ఉంటుంది కాబట్టి ఆ లెక్క తప్పొస్తుంది, వాట్‌మీటర్ పెట్టు. అలాగే ఒక్కో పార్టు ఎంత వేడెక్కిందో విడివిడిగా రాయి. మాస్ఫెట్ ఒక్కటే చూస్తే చాలదు.

ఇంకోటి, వేడి చూడ్డానికి వేలు పెట్టే అలవాటుంటే మానెయ్. బ్రిడ్జి తర్వాతి ఆ బల్క్ కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా ఉంటుంది. దాన్ని మెల్లగా ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ ఉందా అసలు? ఉన్నా సరే, మీటర్ పెట్టి సున్నాకి వచ్చిందని చూశాకే బోర్డు ముట్టుకో.

డేటాషీట్‌దాసు:
ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉంటే మెరిసే అల్యూమినియం మీద పెట్టి చూడకు, సగం టెంపరేచర్ చూపించి మోసం చేస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి దాని మీద చూడు.

కాయిల్‌కుర్రాడు:
థ్యాంక్స్ మాస్టారూ. వాట్‌మీటర్ పెట్టా, లోడ్‌కి సిరామిక్ రెసిస్టర్లు. ఇన్‌పుట్ 97 వాట్లు. అంటే 25 వాట్లు ఎటో పోతున్నాయి, ఎఫిషియెన్సీ 74 శాతం.

టేపు అతికించి చూసిన రీడింగ్స్: మాస్ఫెట్ హీట్‌సింక్ 105, అవుట్‌పుట్ డయోడ్ హీట్‌సింక్ 95, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ 88, కోర్ 70, బ్రిడ్జి 50, క్లాంప్ రెసిస్టర్ 45, అవుట్‌పుట్ కెపాసిటర్లు 60. బ్లీడర్ ఉంది, రెండు 220కే (కిలోఓమ్స్) సిరీస్‌లో.

ఫ్యాన్‌గాలి:
మాస్ఫెట్ డూప్లికేట్ అయ్యుంటుంది. ఐఆర్ఎఫ్840 పేరుతో చిన్న డై పెట్టి అమ్మేస్తారు. పెద్దది వేసెయ్, ఐఆర్ఎఫ్‌పీ460 వెయ్యి, ఆన్ రెసిస్టెన్స్ 0.27 ఓమ్స్ మాత్రమే, మూడో వంతు కూడా లేదు, వేడి కూడా మూడో వంతుకు పడిపోద్ది.

పాతసోల్డర్:
పడదు. లెక్క చూడు. 65 కిలోహెర్ట్జ్, 500 మైక్రోహెన్రీలు, ఈ పవర్‌కి పీక్ కరెంట్ 2.3 ఆంప్స్ చుట్టూ వస్తుంది. 325 వోల్టుల మీద ఆ కరెంట్‌కి చేరడానికి మూడున్నర మైక్రోసెకన్లు, అంటే డ్యూటీ (సైకిల్‌లో ఆన్‌లో ఉండే భాగం) 0.23. త్రికోణం వేవ్ కాబట్టి ఆర్ఎంఎస్ 0.63 ఆంప్స్, దాని వర్గం 0.4. ఐఆర్ఎఫ్840 ఆన్ రెసిస్టెన్స్ 0.85, బాగా వేడెక్కితే దాదాపు రెట్టింపు, 1.7 అనుకో. గుణిస్తే 0.7 వాట్. కండక్షన్‌లో (ఆన్‌లో ఉన్నప్పుడు) పోయేదే ముక్కాలు వాట్ అయితే దాన్ని మూడో వంతు చేసి ఏం బావుకుంటాం? పైగా 460కి గేట్ చార్జి మూడింతలు, అవుట్‌పుట్ కెపాసిటెన్స్ ఎక్కువ, స్విచింగ్ లాస్ (ఆన్ ఆఫ్ మారేటప్పుడు పోయేది) ఇంకా పెరుగుతుంది. డూప్లికేట్ మాట నిజం కావచ్చు కానీ ముందే దాని మీదకి తోసేస్తే నేర్చుకునేది ఏం ఉండదు.

ఫ్యాన్‌గాలి:
సరే మాస్టారూ, నాకు పనిచేసింది చెప్పా.

ఫెర్రైట్_లత:
కోర్ సాచురేట్ (ఇక అయస్కాంతం పట్టనంత నిండిపోవడం) అవుతోందా అని నేనూ ఒక లెక్క వేశా. 500 మైక్రో, 2.3 ఆంప్స్, 56 చుట్లు, ఈటీడీ34 ఏరియా 97 చదరపు మిల్లీమీటర్లు. 0.21 టెస్లా వస్తోంది. ఎన్87 లాంటి మెటీరియల్ వంద డిగ్రీల దగ్గర కూడా 0.39 దాకా తట్టుకుంటుంది కాబట్టి సాచురేషన్ కాదు. మాస్ఫెట్ కరెంట్ చూసే సెన్స్ రెసిస్టర్ ఎంత పెట్టావ్? 0.33 అయితే 3842 ఒక వోల్ట్ దగ్గర కట్ చేస్తుంది, 3 ఆంప్స్ లిమిట్, అప్పుడు కూడా 0.28 టెస్లా లోపే. గ్యాప్ డిజైన్ బానే చేశావ్, ఆ అనుమానం తీసి పక్కన పెట్టొచ్చు. కోర్ 70 ఉండి వైండింగ్ 88 ఉందంటే వేడి రాగిలో పుడుతోంది, కోర్‌లో కాదు. ఏ తీగ వాడావ్, ఎలా చుట్టావ్?

కాయిల్‌కుర్రాడు:
అక్కా సెన్స్ 0.33 నే. సెకండరీ 1 మిల్లీమీటర్ ఒంటి తీగ. ప్రైమరీ 0.45 తీగ మొత్తం కింద రెండు లేయర్లు, దాని మీద ఇన్సులేషన్‌కి టేపు బాగా మందంగా చుట్టి పైన సెకండరీ.

గేట్‌డ్రైవ్:
గేట్ రెసిస్టర్ ఎంత?

కాయిల్‌కుర్రాడు:
47 ఓమ్స్. రివర్స్ డయోడ్ ఏం లేదు.

గేట్‌డ్రైవ్:
అదిగో. ఐఆర్ఎఫ్840 మిల్లర్ చార్జి (డ్రెయిన్ వోల్టేజ్ మారేటప్పుడు గేట్ నుంచి లాగాల్సిన చార్జి) డేటాషీట్‌లో గరిష్టం 32 నానోకులంబులు. ఆఫ్ అయ్యేటప్పుడు గేట్ ఆరు వోల్టుల ప్లాటో దగ్గర ఆగుతుంది, 6 వోల్టులు భాగించు 47 అంటే 130 మిల్లీఆంప్స్ లోపే, ఆ చార్జి లాగేయడానికి 250 నానోసెకన్లు. అంతసేపు డ్రెయిన్ వోల్టేజ్ పైకి ఎక్కుతూ ఉంటుంది, కరెంట్ ఇంకా పీక్‌లోనే ఉంటుంది. ఫ్లైబ్యాక్‌లో ఆఫ్ అయ్యే క్షణమే అసలు ఖర్చు, ఆన్ అయ్యేటప్పుడు డీసీఎంలో (ప్రతి సైకిల్‌లో కరెంట్ సున్నాకి దిగే పద్ధతి) కరెంట్ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి అక్కడ పెద్దగా ఏం పోదు. ఆన్‌కి 22 ఓమ్స్ ఉంచి, దానికి సమాంతరంగా ఒక 1ఎన్4148, 4.7 ఓమ్స్ సిరీస్‌లో పెట్టి గేట్ నుంచి ఐసీ వైపు కరెంట్ పారేలా వెయ్యి. గేట్ ట్రాక్ పొడుగు ఉంటే కూడా తగ్గించు.

మూడోపిన్:
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి, నాది ఐఆర్2153 హాఫ్ బ్రిడ్జి, లోడ్ లేకుండానే రెండు మాస్ఫెట్లూ వేడెక్కుతున్నాయి. ఇదే గేట్ రెసిస్టర్ ప్రాబ్లమా?

డేటాషీట్‌దాసు:
నీది వేరే జబ్బు, వేరే థ్రెడ్ పెట్టు, ఇక్కడ కలిపితే ఇద్దరికీ అర్థం కాకుండా పోద్ది. లోడ్ లేకుండానే వేడి అంటే కండక్షన్ లాస్ కాదు అన్నంతవరకు చెప్పగలను. ఆ చిప్‌లో డెడ్ టైమ్ (రెండు మాస్ఫెట్లూ ఆఫ్‌లో ఉండే సమయం) 1.2 మైక్రోసెకన్లు లోపలే ఫిక్స్ అయి ఉంటుంది, అంతలోపు మధ్య బిందువు పూర్తిగా తిరగకపోతే ప్రతి సైకిల్‌లో కెపాసిటెన్స్ అంతా మాస్ఫెట్‌లోనే డిశ్చార్జ్ అవుతుంది. సర్క్యూట్ ఫొటో, వేవ్‌ఫారం పెట్టు అక్కడ చూద్దాం.

కాయిల్‌కుర్రాడు:
గేట్ మార్పు చేశా. ఇన్‌పుట్ 97 నుంచి 93కి దిగింది! హీట్‌సింక్ 105 నుంచి 92కి. గేట్‌డ్రైవ్ అన్నా థ్యాంక్స్. కానీ ఇంకా 21 వాట్లు పోతున్నాయి, మాస్ఫెట్ ఇంకా ఎక్కువే, ఈ ఫ్యాన్ లేకుండా డబ్బాలో మూసి పెట్టే ధైర్యం రావట్లేదు.

ఫెర్రైట్_లత:
నన్ను మొదట్నుంచీ ఒకటి తొలుస్తోంది. అన్నీ వేడెక్కుతున్న బోర్డులో క్లాంప్ రెసిస్టర్ మాత్రం 45 డిగ్రీలు. అదెలా చల్లగా ఉంది? ఫ్లైబ్యాక్‌లో లీకేజ్ ఇండక్టెన్స్‌లో (ప్రైమరీ ఫీల్డ్‌లో సెకండరీకి అందని భాగం) దాచుకున్న ఎనర్జీ సెకండరీకి పోదు, అది ఎక్కడో ఒకచోట కాలాల్సిందే, దాని కోసమే ఆ ఆర్‌సీడీ (రెసిస్టర్, కెపాసిటర్, డయోడ్) క్లాంప్ పెడతాం. నువ్వు చెప్పిన చుట్టుడు పద్ధతికి లీకేజ్ తక్కువేం ఉండదు. ప్రైమరీ అంతా కింద, సెకండరీ అంతా పైన, మధ్యలో మందం టేపు. మరి ఆ ఎనర్జీ రెసిస్టర్‌లో కాలకపోతే ఎక్కడ కాలుతోంది? క్లాంప్‌లో వేల్యూలు ఏంటి?

కాయిల్‌కుర్రాడు:
రెసిస్టర్ 100కే 2 వాట్, కెపాసిటర్ 10 నానోఫారడ్ 1 కేవీ, డయోడ్ యూఎఫ్4007. ఏదో స్కీమాటిక్‌లో చూసి వేశా.

ఫెర్రైట్_లత:
100కే నా!! ఆ స్కీమాటిక్ ఏ పది వాట్ల చార్జర్‌దో అయ్యుంటుంది. సరే రెండు కొలతలు కావాలి. మొదటిది, సప్లై ఆఫ్ చేసి, కెపాసిటర్ డిశ్చార్జ్ అయిందని చూసుకుని, ట్రాన్స్‌ఫార్మర్ విప్పి బయట పెట్టి, సెకండరీ కాళ్ళు రెండూ పొట్టి మందం తీగతో షార్ట్ చేసి ప్రైమరీ ఇండక్టెన్స్ ఎల్‌సీఆర్ మీటర్‌తో చూడు, అదే లీకేజ్. మీటర్‌లో ఎంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉంటే అంత, 100 కిలోహెర్ట్జ్ ఉంటే మంచిది. రెండోది, తిరిగి అతికించాక ఫుల్ లోడ్‌లో ఆ 10 నానో కెపాసిటర్ మీద డీసీ వోల్టేజ్ ఎంతో మల్టీమీటర్‌తో చూడు. దానికి స్కోప్ అక్కర్లేదు, ఆ కెపాసిటర్ రెండు చివర్లూ బస్సు (325 వోల్టుల డీసీ లైను) వైపే ఉంటాయి కాబట్టి స్విచింగ్ గోల ఉండదు, మామూలు మీటర్ తప్పులేకుండా చూపిస్తుంది. ప్రోబులు ఆఫ్‌లో ఉన్నప్పుడే క్లిప్పులతో బిగించి, చేతులు తీసేసి అప్పుడు ఆన్ చెయ్.

డేటాషీట్‌దాసు:
అర్థమైంది ఎటు పోతున్నావో. బలే పట్టావ్.

గేట్‌డ్రైవ్:
నాకూ వెలిగింది, అయినా రీడింగ్ రానీ.

కాయిల్‌కుర్రాడు:
లీకేజ్ 20 మైక్రోహెన్రీలు. క్లాంప్ కెపాసిటర్ మీద 226 వోల్టులు. అందరూ నవ్వుకుంటున్నారు నాకే అర్థం కాలేదు.

ఫెర్రైట్_లత:
ఇప్పుడు లెక్క చూడు. లీకేజ్ 20 మైక్రో, 2.3 ఆంప్స్, సెకనుకు 65 వేల సార్లు. సగం ఎల్ ఐ స్క్వేర్ ఎఫ్ అంటే 3.4 వాట్లు. అంతటితో అయిపోదు, లీకేజ్ ఖాళీ అయ్యేలోపు మెయిన్ ఇండక్టెన్స్ నుంచి కూడా కొంత కరెంట్ క్లాంప్‌లోకే పోతుంది. నీ రిఫ్లెక్టెడ్ వోల్టేజ్ (సెకండరీ వోల్టేజ్ ప్రైమరీ మీద కనిపించేది) 4 రెట్లు 25, అంటే వంద, 4 చుట్ల నిష్పత్తి, 25 డయోడ్ డ్రాప్ కలిపిన అవుట్‌పుట్. క్లాంప్ 226 దగ్గరుంటే 226 ని 126 తో భాగించి, వచ్చిన 1.8 తో గుణించాలి. మొత్తం 6 వాట్లు.

రెసిస్టర్‌లో ఎంత పోతోంది? 226 వర్గం భాగించు లక్ష, అర వాట్. మిగతా ఐదున్నర వాట్లు ఎక్కడ?

బస్సు 325, క్లాంప్ 226, కలిపితే డ్రెయిన్ మీద 551 వోల్టులు. నీ మాస్ఫెట్ రేటింగ్ 500. అసలైతే 100కే రెసిస్టర్‌తో ఆ క్లాంప్ వోల్టేజ్ 600 దాటి పోవాలి, డ్రెయిన్ 900 పైకి. అంత దూరం పోకుండా 551 దగ్గరే ఎవరు ఆపుతున్నారు? మాస్ఫెట్టే. ప్రతి సైకిల్‌లో అవలాంచ్ (బ్రేక్‌డౌన్) అయిపోయి తానే జీనర్ డయోడ్‌లా ఆ ఐదున్నర వాట్లూ తాగుతోంది. 500 అని రాసి ఉన్నా అసలు బ్రేక్‌డౌన్ కాస్త పైన ఉండటం మామూలే. చచ్చిపోకుండా ఉండటానికి కారణం అది అవలాంచ్ రేటెడ్ పార్టు కావడం, ఒక్కో దెబ్బ మైక్రోజూల్స్‌లోనే ఉండటం.

పాతసోల్డర్:
నేను లెక్కలు వేసుకుంటూ కూర్చున్నా గానీ చల్లగా ఉన్న పార్టు వైపు చూళ్ళేదు. శభాష్ తల్లీ. స్కోప్ ఉంటే డ్రెయిన్ వేవ్‌ఫారంలో కూడా కనిపిస్తుంది, ఆఫ్ అయిన వెంటనే వచ్చే స్పైక్ సూదిలా కాకుండా కత్తితో కోసినట్టు పైన చదునుగా ఉంటుంది.

కాయిల్‌కుర్రాడు:
స్కోప్ ఉంది, ఇప్పుడే పెట్టి చూడనా?

పాతసోల్డర్:
ఆగు!! స్కోప్ గ్రౌండ్ క్లిప్పు ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ప్రైమరీ గ్రౌండ్ అనేది బ్రిడ్జి తర్వాత మైనస్, అది మెయిన్స్‌తో నేరుగా కలిసే ఉంటుంది. క్లిప్పు తగిలించావంటే బ్రిడ్జి, క్లిప్పు, ఒక్కోసారి స్కోపు అన్నీ ఒకేసారి పేల్తాయి. ఎర్త్ పిన్ను పీకేసి స్కోప్ తేలుస్తాం అని కొంతమంది అంటారు, అది ఇంకా దారుణం, అప్పుడు స్కోప్ బాడీ మొత్తం 325 వోల్టుల మీద కూర్చుంటుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా బోర్డుకి సప్లై ఇవ్వు, లేదా డిఫరెన్షియల్ ప్రోబ్ వాడు. మామూలు 10ఎక్స్ ప్రోబులు చాలావరకు 300 నుంచి 600 వోల్టుల దాకానే, డ్రెయిన్‌కి 100ఎక్స్ కావాలి. ఈ రెండూ లేకపోతే చూడొద్దు, లత చెప్పిన మీటర్ రీడింగే సాక్ష్యం, చాలు.

కాయిల్‌కుర్రాడు:
ఒక ఫ్రెండ్ దగ్గర ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, 100ఎక్స్ ప్రోబ్ రెండూ ఉన్నాయి, అక్కడికి తీసుకెళ్ళి చూశాం. చదునే! 550 దగ్గర కోసేసినట్టు చదును, దాని తర్వాత వంద వోల్టుల మెట్టు, చివర్లో రింగింగ్. అయితే ఇప్పుడు 100కే తీసి 10కే వేసేస్తే సరిపోతుందా?

ఫ్యాన్‌గాలి:
రెసిస్టర్ గోల ఎందుకు, 200 వోల్టుల టీవీఎస్ (స్పైకుల్ని కోసే డయోడు) వేసెయ్, పీ6కేఈ200ఏ, ఖచ్చితంగా 200 దగ్గర ఆపేస్తుంది.

గేట్‌డ్రైవ్:
ఆపుతుంది, కానీ ఆ వాట్లు టీవీఎస్‌లోకి పోతాయి. చోటు మారింది అంతే, వేడి తగ్గలేదు. ఆరేడు వాట్లు నిరంతరం అంత చిన్న లీడ్ పార్టులో కాల్చితే దాని కాళ్ళకున్న సోల్డర్ కరిగి ఊడొస్తుంది. అప్పుడప్పుడు వచ్చే స్పైక్‌కి టీవీఎస్ బంగారం, ఇక్కడ వచ్చేది సెకనుకి 65 వేల సార్లు.

ఫెర్రైట్_లత:
10కే వేస్తే క్లాంప్ 240 దగ్గర స్థిరపడాలి, అంటే డ్రెయిన్ 565, మాస్ఫెట్ ఇంకా అవలాంచ్‌లోనే ఉంటుంది. 4.7కే దాకా దించితే 186 దగ్గర ఆగుతుంది, డ్రెయిన్ 511, ఇంకా 500 దాటే ఉంది, పైగా రెసిస్టర్‌లో 7 వాట్లకు పైగా కాలుతుంది. మెయిన్స్ 264కి ఎక్కిందనుకో, బస్సు 373 అవుతుంది, ఇంకేం చెప్పను. 230 వోల్టుల ఫ్లైబ్యాక్‌కి 500 వోల్టుల మాస్ఫెట్ చాలదు, రిఫ్లెక్టెడ్ వంద పెట్టుకున్నాక అసలు చాలదు. 650 పార్టు బొటాబొటి, 800 అయితే నిశ్చింత.

అసలు పని మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంది. 500 మైక్రోలో 20 లీకేజ్ అంటే 4 శాతం. మళ్ళీ చుట్టు. ప్రైమరీ సగం 28 చుట్లు ఒక లేయర్, దాని మీద సెకండరీ 14, దాని మీద మిగతా 28, ఆఖర్న యూసీ3842కి సప్లై ఇచ్చే ఆక్సిలరీ వైండింగ్. ప్రైమరీ రెండు సగాలూ సిరీస్‌లో, చుట్టే దిక్కు మారకుండా చూసుకో. ఏ లేయరైనా బాబిన్ వెడల్పు మొత్తం పరుచుకోవాలి, ఒక మూల గుంపుగా ఉండకూడదు. సెకండరీకి 1 మిల్లీమీటర్ ఒంటి తీగ వద్దు, 65 కిలోహెర్ట్జ్‌లో రాగిలో స్కిన్ డెప్త్ (కరెంట్ పారే పై పొర మందం) 0.26 మిల్లీమీటర్లు, లోపలి రాగి దండగ, పక్క తీగల ఫీల్డ్ వల్ల ఇంకా వేడి. 0.5 తీగలు ఐదు కలిపి చుట్టు. మందం టేపు వల్ల ఐసొలేషన్ వస్తుందనుకోకు, అది లీకేజ్‌ని పెంచుతుంది. సరైన పాలియెస్టర్ టేపు మూడు పొరలు, అంచుల్లో 3 మిల్లీమీటర్ల చొప్పున మార్జిన్, లేదంటే సెకండరీకి ట్రిపుల్ ఇన్సులేటెడ్ తీగ. ప్రైమరీ కాళ్ళు సెకండరీ లేయర్‌ని దాటేచోట స్లీవ్ మర్చిపోకు, ఒంటి మీదకి షాక్ వచ్చేది అక్కడి నుంచే.

డేటాషీట్‌దాసు:
ఇంకో పనికూడా చెయ్, ఫుల్ లోడ్‌లో 3842 ఏడో పిన్ను (దాని సప్లై పిన్ను) మీద వోల్టేజ్ చూడు. లీకేజ్ ఎక్కువున్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆక్సిలరీ కూడా ఆ స్పైకులు పట్టుకుని లోడ్ పెరిగేకొద్దీ పైకి పోతుంది. 20 దాటితే గేట్ కూడా అంతదాకా పోతుందని అర్థం, మాస్ఫెట్ గేట్ లిమిట్ ప్లస్ మైనస్ 20.

కాయిల్‌కుర్రాడు:
చూశా, 21.5! లోడ్ లేనప్పుడు 13. సరే మళ్ళీ చుట్టేస్తా.

మూడోపిన్:
నాది వేరే థ్రెడ్ పెట్టా, కానీ ఇది వదల్లేక చదువుతూనే ఉన్నా.

కాయిల్‌కుర్రాడు:
అప్‌డేట్. శాండ్‌విచ్ పద్ధతిలో చుట్టా, గ్యాప్ స్పేసర్ అదే ఉంచా, 500 కి దగ్గరగా 505 వచ్చింది. లీకేజ్ 6 మైక్రోహెన్రీలు!! మాస్ఫెట్ 800 వోల్టులు 11 ఆంప్స్‌ది వేశా. క్లాంప్‌లో రెండు 47కే 2 వాట్ రెసిస్టర్లు పక్కపక్కన, అంటే 23.5కే. ఫుల్ లోడ్‌లో క్లాంప్ 208 వోల్టులు, రెసిస్టర్లు ఇప్పుడు 75 డిగ్రీలు, అంటే వాటి పని అవి చేస్తున్నాయి. ఏడో పిన్ను 15 దాటట్లేదు. మాస్ఫెట్ హీట్‌సింక్ ఫ్యాన్ లేకుండా 62. వైండింగ్ 66.

ఇన్‌పుట్ 86. ఇంకో తలనొప్పి మాత్రం అలాగే ఉంది, అవుట్‌పుట్ డయోడ్ 95 నుంచి 93కి దిగింది అంతే. పదిహేను నిమిషాలు ఒక టెంపరేచర్ దగ్గర ఉండి తర్వాత మెల్లగా ఎక్కుతూనే ఉంటోంది, ఆగట్లేదు. 20 ఆంప్స్ డయోడ్‌కి 3 ఆంప్స్ ఒక లెక్కా?

ఫ్యాన్‌గాలి:
డయోడ్‌కి పెద్ద హీట్‌సింక్... సరే సరే ఏం అనను.

గేట్‌డ్రైవ్:
ఆంప్స్ కాదు వోల్టులు చూడు. మాస్ఫెట్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ డయోడ్ మీద రివర్స్‌లో ఎంత? బస్సు 325 భాగించు 4, 81. దానికి 24 కలుపు, 105. మెయిన్స్ ఎక్కితే 117. ఇంకా రింగింగ్ స్పైక్ కలపలేదు. నీది 100 వోల్టుల షాట్కీ. ప్రైమరీలో ఉన్న జబ్బే సెకండరీలోనూ.

పాతసోల్డర్:
ఆగకుండా ఎక్కడానికి కారణం కూడా అదే. షాట్కీకి రివర్స్ లీకేజ్ వేడితో పాటు గబగబా పెరుగుతుంది, రేటింగ్ అంచున పెడితే మరీ. లీకేజ్ పెరిగితే వేడి, వేడికి ఇంకా లీకేజ్, చివరికి ఒకరోజు షార్ట్ అయిపోతుంది. నువ్వు మొదట చెప్పిన వాసన ఈ డయోడ్ దగ్గరి నుంచే అయ్యుండొచ్చు. 200 వోల్టులది వెయ్యి, ఎంబీఆర్20200.

కాయిల్‌కుర్రాడు:
కానీ 200 వోల్టుల దానికి ఫార్వర్డ్ డ్రాప్ ఎక్కువ కదా మాస్టారూ, ఇంకా వేడెక్కదా?

పాతసోల్డర్:
0.1 వోల్ట్ అటూఇటూ ఎక్కువ. 3 ఆంప్స్ యావరేజ్‌కి 0.3 వాట్. నీకు రివర్స్‌లో పోయేది దానికి ఎన్నో రెట్లు. డయోడ్‌కి సమాంతరంగా 470 పికోఫారడ్, 10 ఓమ్స్ సిరీస్‌లో ఒక స్నబ్బర్ కూడా పెట్టు, రింగింగ్ అణుగుతుంది, దానికి పోయేది మూడో వంతు వాటే. 10 నానో వేశావంటే మాత్రం స్నబ్బరే హీటర్ అవుతుంది.

ఫెర్రైట్_లత:
అవుట్‌పుట్ కెపాసిటర్లు కూడా ఒకసారి చూసుకో. సెకండరీ పీక్ 9 ఆంప్స్ పైనే, అందులో 3 ఆంప్స్ డీసీ పోగా కెపాసిటర్లలోకి రిపుల్ 3.4 ఆంప్స్ ఆర్ఎంఎస్ పోతుంది. ఫ్లైబ్యాక్‌కి ఇది శాపం. ఎన్ని పెట్టావ్, వాటి మీద రిపుల్ రేటింగ్ ఎంత?

కాయిల్‌కుర్రాడు:
1000 మైక్రో 35 వోల్ట్ రెండు. మామూలువి, లో ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువున్నవి) కాదు.

ఫెర్రైట్_లత:
లో ఈఎస్ఆర్‌వి మూడు వెయ్యి, 105 డిగ్రీలవి. డయోడ్ నుంచి మూడింటికీ ట్రాక్ దూరం సమానంగా ఉండేలా చూడు, లేదంటే దగ్గరున్నది ఒక్కటే మోసి ముందు అదే ఉబ్బుతుంది.

కాయిల్‌కుర్రాడు:
రెండూ చేశా. డయోడ్ 68 దగ్గర ఆగిపోయింది, గంటసేపు చూశా కదల్లేదు. కెపాసిటర్లు 44. ఇన్‌పుట్ 84.5, అంటే 85 శాతం. మాస్ఫెట్‌కి మొదట్లో తీసి పక్కన పెట్టిన చిన్న హీట్‌సింక్ మళ్ళీ బిగించి చూశా, 71 దగ్గర నిలబడింది. ఫ్యాన్ తీసేశా.

డేటాషీట్‌దాసు:
ఆ ఫ్యాన్ ఫ్యాన్‌గాలికి పంపెయ్.

ఫ్యాన్‌గాలి:
పంపు, నా దాంట్లో రెండోది కావాలి. ఈ లెక్కలు చూశాక నా 12 వోల్ట్ సప్లైలో క్లాంప్ రెసిస్టర్ టెంపరేచర్ చూశా, అదీ చల్లగానే ఉంది, ఇప్పుడు భయమేస్తోంది.

ఫెర్రైట్_లత:
చల్లగా ఉన్నంత మాత్రాన జబ్బు అని కాదు, లీకేజ్ నిజంగా తక్కువుంటే చల్లగానే ఉంటుంది. క్లాంప్ కెపాసిటర్ మీద వోల్టేజ్ చూసి బస్సు వోల్టేజ్‌కి కలుపు, మాస్ఫెట్ రేటింగ్ ఎంతో చెప్పు. సర్క్యూట్‌తో వేరే థ్రెడ్ పెట్టు, చూద్దాం.